‘ఉండొచ్చు’ అన్న మాటకు కోడు లేదు

“ఉండొచ్చు అంటె ఉన్నట్టా, లేనట్టా? నువ్వే చెప్పు కాక. కాలు నిండ వాచింది. ఎర్రగైంది. ముట్టుకుంటె కాలుతది. స్కాన్ తీసిండ్రు. లోపల నీళ్ళ లెక్క కనవడ్డది. అంత చూసి డాక్టరు ఏం రాసిండు? ‘ఇన్ఫెక్షన్ ఉండొచ్చు’ అని రాసిండు. నువ్వైతె ఏమనుకుంటవ్?”

“ఉందనే అనుకుంటా,” అన్నాను.

“గదే! నేను గూడ గట్లనే అనుకున్న. గందుకే నాకు తప్పు వడ్డది.”

ఈ మాటలు అంటున్నప్పుడు సంధ్యారాణి ఒళ్ళో తండ్రి కాలుంది. పాత కట్టు విప్పి, సెలైన్‌తో కడిగి, కొత్త గాజుగుడ్డ చుడుతోంది. చేతులకు ఆ పని ఎంత అలవాటంటే, చూపు కాలి మీద కాక నా మీదే ఉంది. సదానందం మంచం మీద వెనక్కి ఒరిగి, ఇదంతా వేరేవాళ్ళ కాలైనట్టు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

నేను వచ్చింది సదానందాన్ని పలకరించడానికి. ఇద్దరం ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పదకొండేళ్ళు దిగాం. నేను రిటైరై పెద్దపల్లిలో ఉంటున్నాను. అతను రిటైరై, భార్య పోయాక, గోదావరిఖనిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. క్వార్టరు అల్లుడు నర్సింగం పేరు మీదిది. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపరు నడుపుతాడు. నూరు టన్నుల బండిని లోయ అంచున వెనక్కి తిప్పేవాడికి, మామ కాలి కట్టు విప్పితే కళ్ళు తిరుగుతాయట. అందుకే రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఈ పని సంధ్యారాణిదే.

ఆమె ఉద్యోగం కూడా కాళ్ళతోనే. ఈ సంగతి నాకు సరిగ్గా అర్థం కావడానికి రెండు చాయ్‌లు తాగేంతసేపు పట్టింది. చేసేది మెడికల్ కోడింగు. అమెరికాలో ఎవరికో కాలో చెయ్యో వాస్తుంది. స్కాన్ తీస్తారు. అక్కడి డాక్టరు ఏం కనబడిందో ఇంగ్లీషులో రిపోర్టు రాస్తాడు. ఆ రిపోర్టు హైదరాబాదులో ఒక ఆఫీసు మీదుగా ఈ క్వార్టరులో వెనక గదిలో ఉన్న కంప్యూటరుకు వస్తుంది. సంధ్యారాణి చదివి, ఏ రోగం, ఏ స్కాన్, ఏ పక్క కాలు అన్నది అంకెల్లోకి మారుస్తుంది. ఆ అంకెలు చూసే ఇన్సూరెన్సువాళ్ళు బిల్లు ఒప్పుకుంటారు. అంకె తప్పితే బిల్లు వెనక్కి వస్తుంది, రోగి ఇబ్బంది పడతాడు.

“రోగి పేరుతోని నాకు పని లేదు. కాలు చాలు,” అంది.

చర్మం కింద, కండల మధ్య చేరే వాపులు, చీముగడ్డలు ఆమె వాటా. ఎల్ సున్నా మూడు చుక్క ఒకటి ఒకటి ఐదు అంటే కుడి కాలు. చివర ఐదు తీసి ఆరు పెడితే ఎడమ కాలు. ఇలాంటివి కొన్ని వందలు ఆమెకు నోటికొచ్చు. డిగ్రీ అయ్యాక మూడు నెలలు రోజూ కరీంనగర్ బస్సెక్కి నేర్చుకుందట. పోయేటప్పుడు చేతులు, వచ్చేటప్పుడు కాళ్ళు బట్టీ పట్టేదట. పక్క సీటు ముసలమ్మ ఒకరోజు, “ఏ దేవుని మంత్రం బిడ్డా అది?” అని అడిగిందట.

“ఆరేండ్లు కాక. ఆరేండ్లల్ల నా పని మీద ఒక్కరు వేలు వెట్టలే. గిసుంటి ఇన్ఫెక్షన్ ఫైలు కష్టమైందొస్తే ‘సంధ్యారాణికి పంపుండ్రి’ అనేటోళ్ళు. ఇప్పుడు ఎవ్వలకు పంపుతరో అడుగు.”

“ఎవరికి?”

గాజుగుడ్డ చివర కత్తిరించి, టేపు అంటించి, కత్తెర పెద్ద చప్పుడుతో పళ్ళెంలో వేసింది.

“జ్యోతినగర్ల పిల్లకు,” అన్నాడు సదానందం ఫ్యాను మీంచి చూపు తిప్పకుండా. “అనూహ్య అని. ఇంజినీరు బిడ్డ. ఆ పిల్ల పేరెత్తితె మా ఇంట్ల పాలు ఇరుగుతయ్.”

“బాపూ, నువ్వు జెర ఊకో.”

“నేను ఊకుంటె నువ్వు ఊకుంటవా? పొద్దుగాల లేస్తె ఆమె ముచ్చటనే.”

ఆ అనూహ్య రెండేళ్ళ కింద కోడింగులో చేరింది. తండ్రి సుబ్రహ్మణ్యం విద్యుత్ ప్లాంటులో ఇంజినీరు. కోస్తా నుంచి వచ్చి జ్యోతినగర్‌లోని ప్లాంటు టౌన్‌షిప్పులో స్థిరపడ్డవాళ్ళు. దగ్గరి ఊరే కదా అని, పని నేర్పమని హైదరాబాదు ఆఫీసు ఆమెను సంధ్యారాణి దగ్గరికే పంపింది. ఇరవై రోజులు తెల్ల స్కూటీ మీద ఈ క్వార్టరుకు వచ్చి, ఇదే మంచం అంచున కూర్చుని నేర్చుకుంది.

“ఏమొచ్చు అప్పుడామెకు? ‘అక్కా, సెల్యులైటిస్‌కీ యాబ్సెస్‌కీ తేడా ఏంటండీ?’ అని అడిగింది.” గొంతు సన్నం చేసి, కోస్తా సాగదీతతో ఆ మాట అని చూపించింది. అచ్చం దిగింది కాబోలు, సదానందం కిసుక్కున నవ్వాడు. “పుస్తకంల ఉన్నది చెప్తె ఎక్కుతలేదు. అప్పుడు నేను చెప్పిన. సెల్యులైటిస్ అంటె నీళ్ళల్ల ముంచిన దూది. తడి అంతట ఉంటది, ఒక్క తాన దొరకది. యాబ్సెస్ అంటె బూరె. లోపల పూర్ణం ముద్ద ఉంటది, చుట్టు పొర ఉంటది. స్కాన్‌ల దూది కనవడ్డదా, బూరె కనవడ్డదా చూసుకో అన్న. అంతే. ఆమెకు దిమాక్ల దీపం వెలిగింది.”

“మంచిగనే చెప్పినవ్ కద,” అన్నాను.

“మంచిగనే చెప్పిన! గదే నా తప్పు. పోయిన నెల టీం మొత్తానికి క్లాసు చెప్పింది ఆమె. డెబ్బై మంది వింటున్నరు. దూది, బూరె. నా దూది, నా బూరె! అందరు చప్పట్లు. వీరేందర్ సార్, మా మీదాయన, ‘వాట్ యాన్ ఎగ్జాంపుల్’ అన్నడు. నా పేరు వస్తదేమోనని చూసిన కాక. ఆఖరు దాక చూసిన. రాలే.”

“మరిచిపోయిందేమో.”

“బూరె యాదికున్నది గని, బూరె వెట్టినామె మరుపుకొచ్చిందా?”

పదకొండు నెలల కింద ఆడిటరు కుర్చీ ఖాళీ అయింది. ఆడిటరంటే మిగతావాళ్ళు చేసిన ఫైళ్ళలో కొన్ని తీసి, తప్పొప్పులు చూసే మనిషి. అది తనకే వస్తుందని సంధ్యారాణి అనుకుంది, ఇంట్లో అందరూ అనుకున్నారు, నర్సింగం డంపరు దోస్తులకు చెప్పుకున్నాడు కూడా. తీరా ఫోన్ మీటింగులో వీరేందర్ ఇద్దరినీ నాలుగు ప్రశ్నలు అడిగాడు. అనూహ్య ఇంగ్లీషులో గలగల చెప్పేసింది. “నేను ఇంగ్లీషు చదువుత, రాస్త. మాట్లాడుమంటె నాలుక మడతవడతది,” అంది సంధ్యారాణి. “నాకు జవాబు ఆమెకంటె ముందే తెలుసు. నోట్లకు రాలే.”

ఆ రోజే ఫోనులోంచి అనూహ్య నంబరు తీసేసిందట. ఆ రోజు నుంచే ఆమెను గమనించడం మొదలుపెట్టిందట. ఆఫీసు చాటింగులో ఎవరు పని మీదున్నారో వాళ్ళ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. అనూహ్య చుక్క ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది, భోజనానికి ఎంతసేపు పోయింది, అంతా తెలుసు. ఏ ఫైలు తెరిచినా ముందు చూసేది రోగం కాదు, దాని మీద అనూహ్య పేరు పొడి అక్షరాలు ఉన్నాయా అన్నది. ఉంటే ఆ ఫైలు రెండుసార్లు చదువుతుంది.

“తప్పు దొరుకుతదేమోనని?”

“ఇంకెందుకు? ఆమె అక్షరాలు మంచిగుంటయనా?”

“పదకొండు నెలలు కండ్లల్ల నిప్పులు వోసుకున్నది,” అన్నాడు సదానందం.

“దొరికిందా?”

ఆమె పళ్ళెం తీసుకుని లోపలికి పోయి, చేతులు కడుక్కుని వచ్చింది. చీర కొంగుతో తుడుచుకుంటూ తలుపు దగ్గరే నిలబడింది. మొహం వేరే అయింది. చిన్నపిల్ల జేబులో ఏదో దాచుకుని నిలబడ్డట్టు.

“దొరికింది.”

“ఇగ చూడు,” అన్నాడు సదానందం. “మంగళవారం పాయసం వండింది. ఏం పండుగని అల్లుడు అడిగిండు. ‘ఊకెనే’ అన్నది. నాకు షుగరని తెలిసి గూడ రెండు చెంచాలు వోసింది. గంత సంబురం!”

దొరికింది ఇదీ. ఒక రోగి రెండోసారి స్కాన్‌కు వచ్చాడు. రెండో రిపోర్టు సంధ్యారాణికి వచ్చింది. పోల్చి చూసుకోవడానికి మొదటి రిపోర్టు కూడా జతచేసి ఉంది. అది అనూహ్య చేసిన ఫైలు. ఆడిటర్లు కూడా రోజుకు కొన్ని చెయ్యాలట. పై వరుసలో కుడి కాలు అని ఉంది. లోపల డాక్టరు రాసినదంతా ఎడమ కాలు గురించి. పైనున్నది చూసి అనూహ్య కుడి కాలు కోడు పెట్టేసింది. నియమం ప్రకారం ఇలా పైకీ లోపలికీ పొంతన లేకపోతే కోడరు సొంతంగా తేల్చకూడదు. డాక్టరుకు తిప్పి పంపి అడగాలి.

“బూట్లు తొడిగే పిల్లకైన తెలుస్తది కుడేదో ఎడమేదో. ఆమె చూడకుంట పోయింది! పదకొండు నెలలల్ల ఒక్కటి. గా ఒక్కటి నా చేతులకే వచ్చింది.”

“మరి చెప్పినవా?”

“చెప్పలే. ఇంకా చెప్పలే.”

ఎందుకు చెప్పలేదో అర్థం కావాలంటే ఆమె మీద పడ్డ తప్పు దగ్గరికి మళ్ళీ పోవాలి. మొన్న బుధవారం అనూహ్య సంధ్యారాణి ఫైళ్ళు ఆడిట్ చేసింది. ‘ఉండొచ్చు’ అన్న రిపోర్టు అందులోదే. సంధ్యారాణి దానికి ఇన్ఫెక్షన్ కోడు పెట్టింది. అనూహ్య తప్పు వేసింది. స్కాన్‌కు వచ్చి పోయే రోగి రిపోర్టులో ‘ఉండొచ్చు’, ‘అనుమానం’ అని రాస్తే దాన్ని రోగంగా లెక్కపెట్టకూడదు. కంటికి కనబడ్డ వాపు, రోగి చెప్పిన నొప్పి, వీటికే కోడు వెయ్యాలి. డాక్టరు ఉందని రాస్తేనే ఉన్నట్టు.

ఆ ఒక్క తప్పుతో ఈ నెల ఆమె సరిగ్గా చేసినవి నూటికి తొంభై నాలుగు పాయింటు ఎనిమిదికి దిగాయి. తొంభై ఐదు కంటే తగ్గినవాళ్ళు ఇంటి నుంచి పనిచెయ్యడానికి లేదు. రెండు నెలలు హైదరాబాదు ఆఫీసులో కూర్చుని మళ్ళీ శిక్షణ తీసుకోవాలి. రెండు నెలలు ఈ కాలికి కట్టు ఎవరు కట్టాలి?

“నర్సింగం కడతడు,” అన్నాడు సదానందం. “కట్టుకుంట కింద వడతడు. ఇద్దర్ని దవాఖానకు నువ్వే తీస్కపోదువు.”

ఎవరం నవ్వలేదు. సదానందం పిక్క మీద కట్టు కింద ఉన్నది చిన్న పుండు కాదు. రిటైరయ్యే ముందు సంవత్సరం గనిలో ఇనుప దిమ్మె తగిలి గీసుకుపోయిన చోటు అది. గమ్‌బూటులో నీళ్ళు, ఒంట్లో షుగరు. నాలుగో రోజుకు కాలు బిందెలా వాచింది. స్కాన్ తీసినప్పుడు రిపోర్టులో ‘చీము ఉండొచ్చు’ అని ఉంది. సాయంత్రం కోసి చూస్తే చెంబెడు చీము వచ్చింది. అప్పటి నుంచి మానుతుంది, మళ్ళీ లేస్తుంది. రోజూ కడిగి చూడకపోతే ఎటు పోతుందో తెలియదు.

“ఇగ చెప్పు కాక. ‘ఉండొచ్చు’ అన్న మాట నేను అక్కడ చదవలే, ఇక్కడ చదివిన.” తండ్రి కాలు చూపించింది. “మా ఇంట్ల ఉండొచ్చు అంటె ఉన్నట్టే. గా అమెరికా రిపోర్టు చదువుతుంటె నాకు వాసన గూడ వచ్చింది. ఉన్నది. ఇన్ఫెక్షన్ ఉన్నది. నేను రాసింది తప్పు కాదు.”

“మరి ఆ పిల్ల?”

“ఆమె జీవితంల ఒక్క పుండు కడగలే. ఏసీ రూముల కూసోని నియమం చదివింది. ఆమె కరెక్టు. నేను తప్పు.”

తప్పు ఒప్పుకోకపోతే అప్పీలు రాసుకోవచ్చు. గడువు ఆ రోజు సాయంత్రం నాలుగింటి దాకా. తీర్పు వీరేందర్‌ది. సంధ్యారాణి అప్పీలు రాసి పెట్టుకుంది. నాకు తెలుగులో చెప్పింది. సగం దాకా తన వాదన. తర్వాత సగం ఎడమ కాలి ఫైలు. ‘కుడి ఎడమలు చూసుకోని ఆడిటరు నా పని మీద వేసిన తప్పు ఎంతవరకు నమ్మదగ్గదో మీరే ఆలోచించండి’ అన్నది ఆఖరి వాక్యం. ఆ వాక్యం చెప్పేటప్పుడు ఆమె గొంతులో తీపి వినబడింది. ఎన్నిసార్లు మార్చి రాసుకుందో.

“ఇది పంపితె నా తప్పు కొట్టేస్తరు. ఆమె కుర్చీ పోతది. రెండు ఒక్కటే దెబ్బకు.”

“మరి రెండు రోజులసంది ఎందుకు పంపలే?” అన్నాడు సదానందం.

“పంపుత. నాలుగు వరకు టైమున్నది.”

“నేను గూడ ఒకని మీద గిట్లనే చెప్పిన.” సదానందం ఈసారి ఫ్యానును వదిలి నా వైపు తిరిగాడు. “సర్దార్ ఎల్లన్న యాదికున్నడా?”

ఎందుకు గుర్తు లేడు. సర్దార్ అంటే మా షిఫ్టులో అందరికంటే ముందు గని లోపలికి పోయి, కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, పని మొదలుపెట్టొచ్చో లేదో చెప్పే మనిషి. ఆ పోస్టుకు సదానందం, ఎల్లన్న ఇద్దరూ ఆశపడ్డారు. ఎల్లన్నకు వచ్చింది.

“ఆడు కర్రతోని టకటక కొట్టి ‘ఇయ్యాల ఇక్కడ వద్దు’ అంటుంటె నాకు కడుపు మండేది. ఆనికేం తెలుసు, నాకు తెల్వదా అని. ఒకరోజు ఒక మూల తట్టుడు మర్చిపోయిండు. నేను చూసిన. ఆనికి చెప్పలే. సీదా మేనేజరుకు చెప్పిన. ఆడ్ని వేరే షిఫ్టుకు పంపిండ్రు.”

“అది నువ్వేనా?” అన్నాను. ముప్పై ఏళ్ళు ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

“నేనే. వారం దినాలు మస్తు ఖుషీ ఉన్న. తర్వాత కొత్త సర్దార్ వచ్చిండు. ఆడు కర్ర చంకల వెట్టుకోని తిరుగుతడు, తట్టడు. ‘పోండ్రి, పోండ్రి’ అంటడు. ఆరు నెలలు పైకి చూసుకుంట పని చేసిన నేను. మెడ వట్టింది.”

“నీ గని వేరు, నా పని వేరు బాపు. మీద వడనీకి నాకాడ బొగ్గు లేదు.”

“నేను నీకేం చెప్తలేను. కాకకు చెప్తున్న.”

అప్పుడే లోపల కంప్యూటరు మోగింది. సంధ్యారాణి మొహం మాడ్చుకుని, “ఆమెనే,” అంది. వెనక గదిలోకి పోయి కర్టెన్ వేసుకుంది. పని చేసే గదిలోకి ఇంకొకరు పోకూడదని వాళ్ళ నియమం. హెడ్‌ఫోన్ పెట్టుకోవడం మరిచిందో, చేతికి అందలేదో గానీ, అనూహ్య గొంతు మా దాకా వినబడింది.

“అక్కా, మీ అప్పీలు ఇంకా రాలేదండీ. నాలుగింటికి మూసేస్తారు. పంపేదుంటే పంపండి, నేనేం అనుకోను. ఈ కాల్ రికార్డవుతోంది కాబట్టి ఎక్కువ మాట్లాడలేను.”

“చూస్త.”

“నాన్నగారి కాలు ఎలా ఉందండీ?”

“ఉన్నది.”

అంతలో ఓపెన్‌కాస్టులో సైరన్ మోగింది. కాసేపటికి పేలుడు. కిటికీ రెక్కలు గజగజలాడాయి, గోడ మీది క్యాలెండరు పక్కకు జరిగింది.

“బ్లాస్టింగా అక్కా? మాకిక్కడ అస్సలు వినబడదు.”

లోపల సంధ్యారాణి పళ్ళు కొరకడం మాకు వినబడ్డట్టే ఉంది.

“అక్కా, ఒక్క మాట. ఆ ‘ఉండొచ్చు’ ఫైలు చూసినప్పుడు నాక్కూడా ఇన్ఫెక్షనే అనిపించింది. ఆ నీటి తీరు చూస్తే తడిసిన దూదే. మీరు చెప్పింది గుర్తొచ్చింది. అయినా డాక్టరు రాయలేదు కదండీ. అందుకే తప్పు వెయ్యాల్సొచ్చింది. వేసి, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.”

“సరే,” అంది సంధ్యారాణి. ఫోను పెట్టేసింది.

చాలాసేపు బయటికి రాలేదు. సదానందం నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. నేను ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వచ్చాక తలుపుకు ఆనుకుని నిలబడి, నెమ్మదిగా అంది.

“ఇన్నవా? ఆమెకు గూడ అనిపించిందట.”

“విన్నా.”

“నేనే అనుకున్న కాక. ఆమెకు నియమం తెలుసు, నాకు కాలు తెలుసు, గది ఒక్కటన్న నాది అనుకున్న. గది గూడ ఆమెకు తెలిసింది. నేను నేర్పంగనే తెలిసింది. తెలిసి గూడ చెయ్యి ఆపుకున్నది. నేను ఆపుకోలే.” కొంగు వేలికి చుట్టుకుని విప్పింది. “ఇంత కుళ్ళు నాకు ఎన్నడు రాలే. కుర్చీ వచ్చినప్పుడు గూడ ఇంత రాలే.”

గోడ గడియారం మూడుంపావు. ఆమె మళ్ళీ లోపలికి పోయింది. ఈసారి కర్టెన్ వెయ్యలేదు. నేను కావాలనే కాలి వైపు చూస్తూ కూర్చున్నాను. కీబోర్డు మీద రెండు మూడు చప్పుళ్ళు. తర్వాత ఒక్కటి, గట్టిది.

“ఏం జేసినవ్?” అని అడిగాడు సదానందం.

“అప్పీలు తీసేసిన. తప్పు ఒప్పుకున్న.”

“హైదరాబాదు?”

“సోమవారం ఇంకో ముప్పై ఫైళ్ళు ఆడిట్ చేస్తరు. ఒక్క తప్పు రాకుంటె తొంభై ఐదు దాటుత. వస్తే పోత. అప్పుడు నర్సింగానికి కండ్లు తిరగకుంట నేర్పుత.” మంచం అంచున కూర్చుంది. “ఊకెనే ఒప్పుకోలే, అది తప్పే. డాక్టరు రాయలే. ఉండొచ్చు అన్న మాటకు కోడు లేదు. నాకు తెలుసు గా నియమం. ఆరేండ్ల సంది తెలుసు.”

“మరి ఎడమ కాలు?” అన్నాను.

“ఆమె పడాలె కాక. మస్తు గట్టిగ పడాలె. కాని గిట్ల కాదు. కుడి ఎడమ చూసుకోక పడ్డదంటె అయ్యో పాపం అంటరు. ఎవ్వలకన్న అయితది అంటరు. నేను నూటికి నూరు తెచ్చి, గా నూరు ఆమెనే నా పేరు పక్కన రాయాలె. చేతులు నొయ్యంగ రాయాలె. ఆమెను కుర్చీలకెల్లి లేపితె ఎవ్వలు రాస్తరు? హైదరాబాదుల ఒకామె ఉన్నది, ఫైలు తెరవకుంటనే ‘గుడ్ జాబ్’ అని పెడతది. గా నూరు నాకెందుకు?”

సదానందం మెడ చేత్తో రుద్దుకున్నాడు.

“ఇంకొకటి. రెండో స్కాన్ ఎడమ కాలుకే తీసిండ్రు. మొదటి బిల్లు కుడి కాలు మీద పోతె, ‘రోగం కుడి కాలుకైతె ఎడమ కాలుకు స్కానెందుకు’ అని ఇన్సూరెన్సోడు ఆపుతడు. ఆ మనిషెవ్వడో నాకు తెల్వది. వాచిన కాలు వెట్టుకోని ఫోన్లు చేసుకుంట కూసుంటడు.” లేచి నా చెప్పులు నా కాళ్ళ దగ్గరికి జరిపింది. “కాక, నువ్వు పెద్దపల్లికి జ్యోతినగర్ మీదికెల్లే కద పోవుడు? జెర ఆమె ఇంటి కాడ బండి ఆపు. టౌన్‌షిప్పు గేటు కాడ సుబ్రహ్మణ్యం సారు క్వార్టరంటె చెప్తరు. చాటింగుల రాస్తె సార్‌కు కనవడతది, కాల్ చేస్తె రికార్డయితది, ఆమె సొంత నంబరు నాకాడ లేదు. నోటితోనే చెప్పు. పోయిన వారం శుక్రవారం ఫైళ్ళల్ల పదిహేడోది తెరువుమను. పైన కుడి అని ఉన్నది, లోపల మూడు తానల ఎడమ అని ఉన్నది. డాక్టరుకు తిప్పి పంపుమను. రేపు పన్నెండింటికి బ్యాచి మూసి బిల్లులు పంపుతరు, ఆ లోపల ఆమెనే దిద్దుకుంటె ఎవ్వలకు తెల్వది.”

“ఎవరు చెప్పారంటే?”

కొంగు నడుముకు దోపుకుంది.

“నా పేరు చెప్పు. చెప్పాలె. సంధ్యారాణి కండ్లకు చిక్కిందని ఆమెకు తెల్వాలె. థాంక్సు గీంక్సు అని నాకు ఫోన్ చెయ్యద్దను. నువ్వు చాయ్ ఇస్తె తాగు, వద్దనకు. కాని ఆమె ఇల్లు ఎట్లున్నదో మళ్ళొచ్చినప్పుడు నాకు చెప్పకు. జల్ది పో కాక, ఆమె చుక్క ఐదింటికి ఆరిపోతది.”